బాబూరావు భుజం

భద్రాచలంలో టెంట్ హౌస్ నడిపే బాబూరావు ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. ఫంక్షన్ హాల్ ముందు తన ఫోటోతో ఒక ఫ్లెక్సీ కట్టించాలి. నిరుడు ఇక్కడి అడవిలో తీసిన సినిమాకు అవార్డులు వచ్చాయి. పెత్తనం కోసం పాకులాడి, అహంకారంతో అయినవాళ్లందరినీ పోగొట్టుకున్న ఒక సర్పంచి కథ అది. అందులో బాబూరావు ఒకే ఒక్క మాట అన్నాడు. దర్శకురాలు భార్గవి సాయంత్రం వచ్చి ఊరివాళ్లకు ఆ హాల్లోనే సినిమా చూపించబోతోంది.

"ఏం పాత్రన్నా?" అని అడిగాడు ఫ్లెక్సీలు వేసే మతీన్.

"గట్ల అడుగుతవేంది? మెయినే."

మతీన్ "హీరో" అని వేశాడు. దిద్దించడానికి బాబూరావుకు తీరిక దొరకలేదు. మధ్యాహ్నానికి ఫ్లెక్సీ చూసి వ్యాపారుల సంఘం సన్మానం ప్రకటించింది. సంగతి తెలిసి కల్లూరు నుంచి అత్తవారు జీపులో బయలుదేరారు. డప్పులు వచ్చాయి. సన్మానం జరిగేవాడికి ప్లాస్టిక్ కుర్చీ ఏం బాగుంటుందని, బాబూరావు తన దుకాణంలోని పెళ్లి సోఫా తెప్పించి ముందు వరుసలో వేయించుకున్నాడు.

"ఒక్క మాటకు ఇంత హడావుడి ఏందయ్యా?" అంది భార్య కళావతి.

"నటన గురించి నీకేం తెలుసు?"

"అవ్, నాకేం తెలుసు" అని ఆమె వెనక వరుసలో కూర్చుంది.

తెరమీద సర్పంచి ఒక్కొక్కరినే దూరం చేసుకుంటుంటే హాలంతా కళ్లు తుడుచుకుంది. బాబూరావు మాత్రం తనను తాను వెతుక్కుంటున్నాడు. చివరికి పంచాయతీ దృశ్యంలో అతని ఎడమ భుజం వచ్చింది. అతనన్న మాట రాలేదు.

భుజం వెనక నుంచి కళావతి వచ్చింది. షూటింగ్ నాడు అన్నం తీసుకొచ్చి, కెమెరా తిరుగుతోందని తెలియక ఆమె మొగుణ్ణి చీవాట్లు పెట్టింది. అది సినిమాలో వాడుకోనా అని భార్గవి అడిగితే సరేనని, ఆ సంగతే మరిచిపోయింది.

"నీ పెద్దరికం చల్లగుండ. ఇంట్ల నీతోని మాట్లాడేటోళ్లు ఎవరు మిగిలిన్రో చూస్కో."

తెరమీద ఆ మాటలు సర్పంచికి తగిలాయి. హాలు లేచి చప్పట్లు కొట్టింది. శాలువా పట్టుకున్న వ్యాపారుల సంఘం సోఫా దాటుకుని వెనక వరుసకు నడిచింది.

"అక్కా, నా తర్వాతి సినిమా మీతోనే" అంది భార్గవి.

"మా ఆయన్ని అడగాలె" అంది కళావతి.

బాబూరావు వాళ్ల దగ్గరికి వచ్చాడు. "అండ్ల మొగుడి పాత్ర ఉందా, మేడం?"

"ఉందండి. కాకపోతే మాటలుండవు."

బాబూరావు ఆలోచించుకోవడానికి కొంత గడువు అడిగాడు.