గుండెకాయకు స్వాతంత్ర్యం

మా అత్తగారున్న ఆస్పత్రిలో నర్సులకు సంపూర్ణ స్వాతంత్ర్యం ప్రకటించారని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాను. నయంకాని జబ్బులవాళ్లకు బాధ తగ్గించే ఆ వార్డులో ఇకపై నర్సే బృందానికి గుండెకాయ. గుండెకాయ కనక లోపలే ఉండి, ఎవరికీ కనబడకుండా కొట్టుకోవాలి.

ఆ ప్రకటన సభ కింది హాల్లో జరుగుతుండగా పైన అత్తగారికి నొప్పి మొదలైంది. నొప్పికి సభామర్యాద తెలియదు. రాసిచ్చిన మందు వేసినా లొంగలేదు. ఆవిడ పళ్లబిగువున దుప్పటి అంచు నలిపేస్తున్నారు.

"ఇంకొంచెం పెంచాలండీ," అంది నర్సమ్మ.

"పెంచమ్మా మరి!" అన్నాను పక్కనున్న నేను.

"డాక్టరుగారు ఊఁ అనాలి."

"ఎక్కడున్నారాయన?"

"కింద. మా స్వాతంత్ర్యం గురించి మాట్లాడుతున్నారు."

ఫోన్లన్నీ సభాగౌరవార్థం నోరుమూసుకున్నాయి. అత్తగారిని ఆయమ్మకు అప్పగించి ఇద్దరం కిందికి పరిగెత్తాం.

వేదిక మీద పెద్ద డాక్టరు, మధ్య డాక్టరు, చిన్న డాక్టరు, రోగుల బంధువుల తరఫున మా ఆయన. నర్సులకు కుర్చీ వెయ్యలేదు. స్వతంత్రులు ఎక్కడైనా నిలబడగలరు.

పెద్ద డాక్టరు మురిసిపోయారు. "అదిగో, మన కళ్లూ, మన చేతులూ! రామ్మా, రెండు ముక్కలు మాట్లాడు!"

నర్సమ్మ మైకు అందుకుంది. "కిటికీ పక్క మంచం పెద్దావిడకి నొప్పి ఆగట్లేదు సార్. మందు పెంచనా?"

హాలు చప్పట్లతో మార్మోగింది. ఇంత క్లుప్తమైన ప్రసంగం ఎన్నడూ వినలేదని మధ్య డాక్టరు కొనియాడారు. నర్సులు తమంతట తాము మందు పెంచవచ్చునా అన్న విషయంపై అక్కడికక్కడే కమిటీ వేశారు. సభ్యులంతా డాక్టర్లే. నర్సులకు పనిభారం పెంచకూడదన్న సదుద్దేశం. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా ఆయన.

"మీ అమ్మేనండీ!" అని నేను కేకేశాక ఆగారు.

చిన్న డాక్టరు మా వెంట పరుగున పైకొచ్చారు. "ఎంత పెంచుదాం సిస్టర్?" ఆవిడ చెప్పింది. "అయితే అంతే పెంచండి," అని ఆజ్ఞాపించారు. దీన్నే వైద్య పర్యవేక్షణ అంటారు.

కాసేపటికి అత్తగారి పిడికిలి సడలింది. మా ఆయన చిన్న డాక్టరు చేతులు పట్టుకుని, "మీ హస్తవాసి గొప్పదండీ!" అని కళ్లొత్తుకున్నారు, సిరంజి పట్టుకున్న నర్సమ్మకు సరిగ్గా అడ్డం నిలబడి. ఆనక నావైపు తిరిగారు.

"చూశావా, వీళ్లకి ఎంత స్వేచ్ఛ ఇచ్చారో! ఆమాటకొస్తే మనింట్లో మాత్రం? అంతా నీ ఇష్టమేగా!"

అత్తగారు ఒక కన్ను తెరిచారు. నర్సమ్మను చూశారు, నన్ను చూశారు.

"ఊఁ, కొట్టండమ్మా ఇద్దరూ, చప్పట్లు!"