తిన్నని వరుసలు, మొసళ్ల మడుగు

ఒక పెద్ద అడవిలో సింహాసనం కన్నా సర్కారు వెబ్‌సైటుకే ముస్తాబు ఎక్కువ. పేజీల వెనకుండే టెంప్లేట్లు, అంటే పేజీని తయారుచేసే అచ్చులు, మాత్రం గజిబిజి. ఒక వరుస ఇక్కడ మొదలైతే ఇంకోటి ఎక్కడో మొదలయ్యేది. పేజీ చదివేవాళ్లకు అవి కనబడవు. కానీ ఒకనాడు సింహంగారి కంట పడ్డాయి.

"ఇవేంటయ్యా, ఏనుగులు తొక్కిన చెరకుతోటలా! వెంటనే సర్దించండి!"

మంత్రి నెమలి మయూరనాథం ఆ వరుసల్ని దానంతటదే సర్దే పనిముట్టు ఒకటి చేయించాడు. దాన్ని పరీక్షించే పని ముంగిస చామంతికి పడింది. ఇది నెగ్గితే ప్రమోషను ఖాయమన్నారు.

చామంతి ఒక్కో పేజీ పెట్టి చూసింది. అన్నీ ముచ్చటగా సర్దుకున్నాయి. చివరికి ఏరు దాటే పేజీ పెట్టింది. అందులో ఏటి పటాన్ని గీతలతో, ఖాళీలతో గీశారు. లోతులేని రేవు ఎక్కడుందో ఆ ఖాళీలను బట్టే తెలిసేది. పనిముట్టు ఖాళీలన్నీ ఊడ్చేసి వరుసల్ని ఎడమకు చేర్చింది. రేవు గుర్తు వెళ్లి మొసళ్ల మడుగు మీద కూర్చుంది.

చామంతి మంత్రి దగ్గరికి పరుగెత్తింది.

"సార్, ఈ పేజీ చూసి ఏట్లో దిగితే ఎవరూ ఒడ్డుకు చేరరు!"

"వరుసలు తిన్నగా ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి సార్, కానీ..."

"మరింకేం? రాజావారు అడిగింది అదే కదమ్మా! ఆ ఒక్క పరీక్షా తీసెయ్. రేపే ప్రారంభోత్సవం. నీ ప్రమోషను పాడుచేసుకోకు."

చామంతి తీసేసింది.

ప్రారంభోత్సవం ఏటి అవతల. సెల్‌ఫోనులో పేజీ చూసుకుంటూ మయూరనాథం ముందు నడిచాడు. వెనక సింహం, ఆ వెనక లేళ్ల మేళం, చివర్న చామంతి. నెమలి మడుగులో కాలు పెట్టబోతుంటే చామంతి ఇక ఆగలేకపోయింది.

"అటు కాదు! కుడివైపు, బండరాయి పక్కన!"

లేళ్లు ఆగాయి. సింహంగారూ ఆగారు. నెమలి మాత్రం ఫోనులోంచి తలెత్తకుండానే మడుగులో దిగాడు. ఎలాగో బతికి బయటపడ్డాడు గానీ తోక మొత్తం మొసలి నోట్లో ఉండిపోయింది.

విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు తోకలేని మయూరనాథమే.

"పనిముట్టు అన్ని పరీక్షలూ నెగ్గింది. కనుక తప్పు ఏటిది. పేజీలో ఉన్నట్టుగా ఏటిని జరపవలెను. ఆ పని చామంతికి అప్పగించడమైనది."

ప్రమోషను పోయి చేతికి పార వచ్చింది. చామంతి ఆ పారను పక్కన పడేసి ఒడ్డునే కూర్చుంటోంది. వచ్చినవాళ్లనల్లా, "ఆ ఫోను మూసెయ్ నాయనా, ఇలా రా," అని పిలిచి రేవు దాటిస్తోంది. విధులకు అడ్డుపడుతోందని మొసళ్లు ఆమె మీద సర్కారుకు ఫిర్యాదు కూడా చేశాయట.

నీతి: పనిముట్టు ఎన్నడూ తప్పు చెయ్యదు, ఏరే తప్పుగా పారుతుంది.