మాస్టారి తలలో మార్కులు

తొమ్మిదింటికి ఆసుపత్రికి వెళ్ళి, ఒక్కొక్కరే రెండేసి నిమిషాలు లెక్కల మాస్టారిని చూసి, పదికల్లా ఇంటికి వచ్చేయాలని ఆ ఉదయం ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఏర్పాటు అల్లుడిది. ముందురోజే మాస్టారి మెడకు ఎడమవైపున, మెదడుకు నెత్తురు మోసే నాళంలో పేరుకున్న పూడిక తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ మత్తు ఇంకా వదల్లేదు. ఆ తలకు నెత్తురు సరిగా అందుతోందా అన్నదే అందరి గుండెల్లో గుబులు.

మాస్టారి నుదుటి మీద రెండు పట్టీలు అంటించి ఉన్నాయి. వాటి తీగలు పక్కనున్న మానిటర్లోకి వెళ్తున్నాయి. తెర మీద రెండు అంకెలు: ఎడమ 66, కుడి 67.

"అవి ఆయన తలలోంచి వచ్చే నంబర్లమ్మా. దేన్నీ ముట్టుకోకండి" అని నర్సు చెబుతుండగానే పక్క గదిలో గంట మోగింది. మిగతా సంగతి చెప్పకుండానే ఆమె పరుగెత్తింది.

మరొకరింట్లో అయితే ఆ మాటకు ఇంకేదో అర్థం తోచేది. ఈ మాస్టారు మాత్రం పొద్దుటి కాఫీ మొదలు కొత్త చెప్పుల దాకా ప్రతిదానికీ వందకి ఇన్నని మార్కులు వేసే మనిషి. నలభై ఏళ్ళ కాపురంలో భార్యకు యాభై ఎనిమిది దాటనివ్వలేదు. ఆవిడ తెర వంక చూసింది, మంచం వంక చూసింది, కళ్ళు తుడుచుకుంది.

"అరవై ఆరు! నాకే!"

"మత్తులో కూడా మార్కులు వేస్తున్నారు అత్తయ్యగారూ! ఎడమది నడవడికకి, కుడిది తెలివితేటలకి" అని అల్లుడు తేల్చేశాడు. తెలియదన్న మాట అతని నోట ఇంతవరకు ఎవరూ విని ఎరుగరు.

కబురు వరండాలోకి పాకింది. కూతురు వచ్చి అరవై ఐదు తెచ్చుకుంది. అల్లుడు ఊపిరి బిగబట్టి నిలబడి అరవై ఎనిమిది సాధించాడు, ఫోటో కూడా తీసుకున్నాడు. ఒక్కొక్కరే అన్న నియమం గాలికి పోయింది.

చివరికి మాస్టారి తమ్ముడు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఏడేళ్ళ కిందట చదరంగంలో గుర్రాన్ని కదిపి వెనక్కి తీసుకున్నాడని మాస్టారు అతనితో మాట్లాడడం మానేశారు. ఆ తర్వాత అన్న ముందుకు రావడం ఇదే.

"నన్ను చూస్తే కోపం తెచ్చుకుంటాడేమో వదినా. ఇక్కణ్ణుంచే చూసి పోతాను."

"రండి చిన్నమావయ్యా, నేనున్నానుగా!" అల్లుడు దిండును ఒక పక్కకు మడిచి, మామగారి తలను గుమ్మం వైపు బాగా తిప్పాడు. "ఇప్పుడు ఆయన ధ్యాసంతా మీ మీదే."

ఎడమ అంకె కదిలింది. 63. 60. 57.

"అన్నయ్యా, తప్పు నాదే" అన్నాడు తమ్ముడు. 55.

"ఇంకాస్త వినయంగా" అన్నాడు అల్లుడు. తమ్ముడు చేతులు కట్టుకున్నాడు. 53.

"గుర్రం సంగతి కూడా ఒప్పేసుకో బాబాయ్!" అని కూతురు బతిమాలింది. ఒప్పుకున్నాడు. 51.

తమ్ముడికి కళ్ళు చెమర్చాయి. కానీ చెమర్చిన కళ్ళతోనే తెరను మళ్ళీ చూశాడు.

"ఉండండి. కుడివైపు అరవై ఏడు అరవై ఏడులాగే ఉంది. నా మీద కోపమైతే రెండూ పడిపోవాలి కదా? మా అన్నయ్య కోపం ఎప్పుడూ సగం సగం ఉండదు. ఇదేదో వేరే. సిస్టర్!"

"అరవకండి, ఇంకా తగ్గిస్తారు!" అంటూ అల్లుడు చెయ్యి పట్టుకున్నాడు. తమ్ముడు విదిలించుకుని వరండా దద్దరిల్లేలా కేక వేశాడు.

నర్సు వచ్చింది. తెర చూసింది, దిండు చూసింది, ఒక్క ఊపున దిండు లాగేసి తలను నెమ్మదిగా తిన్నగా సర్దింది.

"ఎవరు తిప్పారు? నిన్న కోసిన మెడ ఇది! మెదడుకు నెత్తురు వెళ్ళే దారి నొక్కుకుపోయింది!"

అందరూ అల్లుడి వంక చూశారు. 51. 51. మాస్టారి భార్య మంచం కమ్మీని గట్టిగా పట్టుకుంది. 52. 54.

"ఆ పట్టీల్లోంచి వెలుగు వెళ్తుందమ్మా" అంది నర్సు, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. "ఎముక దాటి లోపలి నెత్తురును తాకి తిరిగొస్తుంది. మెదడుకు ఆక్సిజన్ ఎంత అందుతోందో ఆ నెత్తురు రంగే చెప్పేస్తుంది."

కత్తి లేదు, సూది లేదు. ఒక మనిషి పుర్రెలోకి వెలుగు వెళ్ళి, ప్రాణం ఎలా ఉందో కనుక్కుని వస్తోంది! అందరికీ ఒళ్ళు జలదరించింది. 58. 61. అల్లుడు సైతం నోరు తెరుచుకుని తెర వంకే చూశాడు.

"ఇన్నేళ్ళూ ఈ తలలో లెక్కలే ఉన్నాయనుకున్నాను" అంది భార్య మెల్లగా. "ఇంత ప్రాణం పరుగులు పెడుతోందని ఒక్కనాడూ అనుకోలేదు." 66.

డాక్టరు వచ్చి అంతా పరీక్షించి, ప్రమాదం తప్పిందన్నాడు. "యాభైకి దిగితే గానీ అలారం మోగదు. ముందే కనిపెట్టిందెవరు?"

నర్సు తమ్ముణ్ణి చూపించింది.

"మాస్టారూ, వినబడుతోందా? కుడిచెయ్యి ఎత్తండి" అన్నాడు డాక్టరు. చాలాసేపటికి చెయ్యి లేచింది. గాలిలో కాసేపు తడుముకుని, తమ్ముడి మణికట్టు దొరకగానే పట్టుకుంది. మరి వదల్లేదు.

తమ్ముడికి డాక్టరు కుర్చీ వేయించాడు. ఫస్టుక్లాసు వచ్చినవాళ్ళందరినీ నర్సు బయటికి పంపి తలుపేసింది.