పడమరకు పోయిన గులాబీ చక్రాలు

మీలో ఎవరైనా చలికాలం తెల్లవారుజామున మా వీధిలో కారు నడిపి ఉంటే చెయ్యెత్తండి. ఎవరూ లేరు గదా. అందుకే ముందు వీధి సంగతి చెబుతాను, తర్వాత నా పరువు సంగతి.

మా ఊరు కొడవలూరు హైవేకి మూడు కిలోమీటర్లు లోపల ఉంటుంది. వీధికి అటూ ఇటూ ఇళ్ళు, చిట్టచివర మా ఇల్లు, ఆ తర్వాత వరి మడి. అంటే నా కారు బయటపడాలంటే ప్రతి గుమ్మాన్నీ దాటాల్సిందే. మామూలు రోజుల్లో ఇదొక సమస్య కాదు. సంక్రాంతికి నెల ముందు నెలగంట పెట్టారంటే మాత్రం మా వీధి మగవాళ్ళది కాదు. ప్రతి ఇంటి ముందూ ముగ్గు. ముగ్గంటే నాలుగు చుక్కలు పెట్టి చేతులు దులుపుకునేది కాదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు రోడ్డు మొత్తం పరిచేస్తారు.

టీవీలో మంచు దేశాల రోడ్లు చూపిస్తారే, తెల్లవారేసరికి అంత తెల్లగా ఉంటుంది మా వీధి. అక్కడ ఆ తెలుపును ఎత్తి పక్కన పోయడానికి బండి వస్తుందట. ఇక్కడ ఆ తెలుపు మీద చక్రం ఎక్కితే పిచ్చమ్మ వస్తుంది.

పిచ్చమ్మది వీధి మొదటి ఇల్లు. ఆమెకు శుక్లాలు తీయించాక చూపు ఎంత బాగుపడిందంటే, పంచాయతీవాళ్ళు పెట్టిన సీసీ కెమెరా చెడిపోయినా ఎవరూ బాగుచేయించలేదు.

వీటికి తోడు పొగమంచు. డ్రైవర్ సీట్లో కూర్చుంటే నాకు నా కారు బానెట్ చివర కనబడదు. ఊరు దాటితే నాట్ల కాలం. ఇనుప చక్రాల ట్రాక్టర్లు మడి దున్ని, ఆ మడిలో సగాన్ని తారు రోడ్డు మీద దులిపి పోతాయి. ఆ బురద మంచుకు తడిసిందంటే కారు మనం తిప్పిన వైపు పోదు, తనకు ఇష్టమైన వైపు పోతుంది. ఇంట్లో అలవాటైన వ్యవహారమే గనక నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఇన్ని బాధలు పడి అంత పొద్దున్నే పోవడం ఎందుకంటారా? దోశ కోసం.

కార్తీక మాసంలో నాకు చక్కెర జబ్బు ఉందని తేలింది. డాక్టరు చెప్పిన జాగ్రత్తల్ని నేను విన్నాను, మా ఆవిడ రోజారమణి కంఠస్థం చేసింది. మరునాటి నుంచి మా వంటింట్లో దోశ పెనం కనబడలేదు. దాని స్థానంలో రాగి జావ వచ్చింది. ఒకరోజు మజ్జిగ పోసిన జావ, ఒకరోజు మజ్జిగ పోయని జావ. పండగరోజు ప్రత్యేకంగా ఏం చేస్తావని అడిగితే, జావలో ఉల్లిపాయ ముక్కలు వేస్తానంది.

మనిషన్నవాడు ఎన్నాళ్ళు తట్టుకుంటాడు? నేను పథకం వేశాను.

మా ఊరికి తూర్పున, ఉప్పుటేరు పక్కన నాకు రెండు రొయ్యల గుంటలున్నాయి. చలికాలంలో తెల్లవారుజామున నీళ్ళలో గాలి తగ్గి రొయ్యలు పైకి తేలతాయి. ఆ వేళకు మనిషి దగ్గరుండి నీళ్ళు చిలికే ఫ్యాన్లు తిప్పాలి. ఇది నిజం. ఆ పనికి సుకుమార్ అనే కాపలా మనిషి ఉన్నాడు. ఇదీ నిజమే. రెండో నిజాన్ని మాత్రం రోజా దగ్గర కొంచెం సవరించాను.

"సుకుమారుకి తెల్లారుజామున మెలకువ రావడం లేదు రోజా. రోజూ నేనే పోవాల."

"నువ్వు పోతే? నీ మొహం చూసి రొయ్యలు మునుగుతాయా?"

"ఫ్యాన్లు వెయ్యాల గదా."

"ఇంట్లో ఫ్యాను స్విచ్చి నొక్కమంటే నన్ను పిలుస్తావే, ఆడ ఎవుర్ని పిలుస్తావు?"

"సంసారం కోసం నేర్చుకుంటుండా."

ఈ మాటకు ఆవిడ మెత్తబడింది. మెత్తబడిందని నేననుకున్నాను.

మరునాటి నుంచి తెల్లవారుజామునే కారు తీయడం, ఊరు దాటగానే తూర్పుకు తిప్పాల్సిన స్టీరింగును పడమరకు తిప్పడం. హైవే పక్కన టార్పాలిన్ పట్టా కింద మూడు బెంచీలేసుకుని కారం కిషోర్ బాబు ఉంటాడు. కారం అతని ఇంటిపేరు కాదు, కానీ ఆధార్ కార్డు తప్ప ఇంకెవరూ అతన్ని వేరే పేరుతో పిలవరు. పెనం మీద పిండి తిప్పి, ఎర్రకారం పూసి, పప్పులపొడి చల్లి, అంచుల వెంట నెయ్యి జారవిడుస్తాడు. ఆ చప్పుడు వింటే మజ్జిగ పోసిన జావ, పోయని జావ రెండూ మరుపుకొస్తాయి.

తిన్నాక వాసన పోవాలి గదా. దానికీ ఉపాయం ఉంది. డిక్కీలో రొయ్యల మేత బస్తా ఉంచుకుని, ఇంటికి పోయే ముందు గుప్పెడు తీసి చొక్కాకు రుద్దుకునేవాడిని. ఆ వాసన తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పకూడదు. రోజా రెండు గదుల అవతలి నుంచే "స్నానం" అని అరిచేది. మనిషి దగ్గరికి రాకపోతే కారం వాసన ఎలా పసిగడుతుంది? పొగమంచు నన్ను ఊరికి కనబడనివ్వదు, మేత నన్ను భార్యకు చిక్కనివ్వదు. ఇంత పకడ్బందీ ఏర్పాటు బ్యాంకు దోచేవాళ్ళు కూడా చేసుకోరు.

ఒక్క ముగ్గుల దగ్గరే ఇబ్బంది వచ్చింది. మూడోరోజు పిచ్చమ్మ కారుకు అడ్డంగా నిలబడింది.

"ఏం అబ్బయ్యా, నా నెమలికి తోక ఏమైంది?"

"మంచులో కనపళ్ళేదు పిచ్చమ్మత్తా."

"నెమలి కనపళ్ళేదా, రోడ్డే కనపళ్ళేదా?"

"రెండూ."

"మరి హారను కనపడిందే. నిద్దర లేపి మరీ తొక్కినావు."

ఆ సాయంత్రం వీధి ఆడవాళ్ళంతా మా అరుగు మీద సమావేశమయ్యారు. నన్ను లోపలే ఉండమన్నారు. చివరికి రోజా తీర్పు చెప్పింది. ఇకపై అందరూ ముగ్గు మధ్యలో రైలు పట్టాల్లాగా చక్రాలకు రెండు సందులు వదులుతారు. నా కారు ఆ సందుల్లోనే పోవాలి. అంగుళం పక్కకు పోతే ఆ ముగ్గు నేనే మళ్ళీ వేయాలి.

అప్పటి నుంచి రోజా టార్చిలైటు పట్టుకుని కారు ముందు వెనక్కి వెనక్కి నడిచేది. నేను ఆ వెలుగు వెంట పోయేవాడిని.

"ఎడం పక్కకి. ఎడం పక్కకయ్యా. అది నీ కుడి."

"నువ్వు నాకు ఎదురుగా ఉండావు, నీ ఎడమా, నా ఎడమా?"

"అన్నం తినే చెయ్యి కాకుండా రెండోది."

ఈ విధంగా మా ఆవిడే టార్చి చూపించి నన్ను దోశ దగ్గరికి సాగనంపుతోందన్న ఆనందంలో నాకు చక్కెర ఇంకాస్త పెరిగే ఉంటుంది.

ఒకరోజు మా ఇంటి ముందు పెద్ద తామరపువ్వు ముగ్గు వేసింది. నిండా గులాబీ రంగు. మంచుకు తడిసి ముద్దగా ఉంది. చక్రాల సందులు ఎక్కడున్నాయని అడిగాను. "పోనీయ్, నేను చూస్తుండాగా" అంది. పోనిచ్చాను. దోశ తిన్నాను. మేత రుద్దుకున్నాను. తిరిగొచ్చాను.

ఆవిడ స్నానం అని అరవలేదు. గుమ్మంలో నిలబడి నా కారు టైర్ల వంక చూస్తోంది.

"రొయ్యలు బాగుండాయా?"

"బాగుండాయి."

"మునిగినాయా?"

"మునిగినాయి."

"పోన్లే" అంది. లోపలికి పోయి జావ తెచ్చింది. అందులో, నేను అడక్కుండానే, ఉల్లిపాయ ముక్కలున్నాయి. అప్పుడే నాకు భయం వేయాల్సింది. నేను ఇంకొంచెం ఉల్లిపాయ అడిగాను.

మరునాడు లేచేసరికి రోజా ఇంట్లో లేదు. ముగ్గు వేసేసి, పక్కింటి స్వర్ణతో కలిసి పిండి మరకు పోయిందని మా అమ్మాయి వినీల దుప్పట్లోంచి చెప్పింది. అంత చీకట్లో మర ఎవరు తీస్తారన్న అనుమానం మంచి భర్తకు రావాలి. నాకు రాలేదు. టార్చి లేకుండానే, దేవుడి మీద భారం వేసి వీధి దాటాను. పిచ్చమ్మ గుమ్మంలో నిలబడి ఉండి కూడా ఏమీ అనలేదు.

ఊరు బయట మంచు గోడలా నిలబడింది. కింద బురద. రెండుసార్లు కారు కాలువ వైపు మొగ్గింది. అంతలో ముందు ఒక ఎర్ర లైటు కనబడింది. ఏదో స్కూటరు, నెమ్మదిగా పోతోంది. నేను వెనకబడితే అదీ నెమ్మదిస్తోంది. రోడ్డు మీద గొయ్యి దగ్గర ఆగి, నేను చూసే దాకా ఉండి, పక్కకు తప్పుకుని పోతోంది. ఎవరో పుణ్యాత్ముడు, తల్లి కడుపు చల్లగా ఉండాలని దీవిస్తూ దాని వెంటే హైవే చేరాను. అక్కడ ఆ లైటు మంచులో కలిసిపోయింది. ఆ బురదలో కారు నిలిపే చోటు వెతుక్కునేసరికి నాకు చాలాసేపు పట్టింది.

కిషోర్ బాబు పెనం వెనక నీడలా ఉన్నాడు. పక్క బెంచీ మీద దుప్పట్లు కప్పుకుని ఎవరో ఇద్దరు అటు తిరిగి తింటున్నారు. చేతికందేంత దూరం. అయినా మనుషులని మాత్రమే తెలుస్తోంది, ఎవరో తెలియడం లేదు.

"ఎప్పుడూ వేసేదేనా అన్నా?" అన్నాడు కిషోర్. అతని గొంతు ఎందుకో వణికింది. చలి అనుకున్నాను.

"రెండు వెయ్యి. ఈరోజు టార్చి లేకుండా వచ్చినా గదా, ఆకలి ఎక్కువగా ఉంది."

"వదినకి ఇంకా తెలీదా అన్నా?"

ఈ ప్రశ్న ఎవరు అడగమన్నారో తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు ఉత్సాహం వచ్చింది. రొయ్యల సంగతి, సుకుమార్ నిద్ర సంగతి, మేత రుద్దుకునే సంగతి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. పక్క బెంచీవాళ్ళకు కూడా వినబడాలని కాస్త గట్టిగానే చెప్పాను.

"మీ వదినకి తెలివి లేదనుకోబాక కిషోరూ. ఉంది. కాకపోతే అదంతా ముగ్గులో చుక్కలు లెక్కపెట్టుకునేదానికే సరిపోతుంది."

పక్క బెంచీ మీది దుప్పటి ఇటు తిరిగింది.

"ఈసారి చుక్కలు శానా పట్టినాయిలే. హైవే దాకా పెట్టాల్సి వచ్చింది" అంది రోజా. "కిషోరూ, నాకింకోటి వెయ్యి. నెయ్యి తగ్గించబాక."

రెండో దుప్పటిలోంచి స్వర్ణ తల బయటపెట్టింది. "స్కూటరు లైటు బాగా కనిపించిందా అన్నా? కాలవలో పడతావేమోనని అక్క ఒకటే గోల, నిదానంగా పోనీ, నిదానంగా పోనీ అని."

అప్పుడు గానీ మంచు విడవలేదు. ఎండ పడి, రోడ్డు మీద నిన్నటి నా టైర్ల గుర్తులు ఆరిపోయిన గులాబీ మచ్చలుగా, ఊరి వైపు నుంచి నేరుగా కిషోర్ పట్టా దాకా కనబడ్డాయి.

"గుంటలు తూరుపున ఉండాయి. తామరపువ్వు పడమరకి పోయింది" అంది రోజా. "రొయ్యలేమన్నా దోశ తినేదానికి వచ్చినాయేమోనని చూసిపోదామని వచ్చినా."

నా ముందు పళ్ళెంలో రెండు దోశలు పడ్డాయి. ఆవిడ వాటిని తన వైపు జరుపుకుంది. సంచిలోంచి ఫ్లాస్కు తీసి నా ముందు పెట్టింది. మూత తీయకుండానే అందులో ఏముందో నాకు తెలుసు.

"ఒక్క దోశకి మనిషి చస్తాడా?" అన్నాను.

ఆవిడ నమలడం ఆపింది. "ఏమో. నీకేదన్నా అయితే? ఇంట్లో నీకు తప్ప ఎవురికీ కారు నడపడం రాదు. ఆస్పత్రికి ఎవురు తీసుకుపోవాల?"

"అంబులెన్సు వస్తుంది."

"మన వీధిలోకా? నెలగంట పెట్టినాకా? పిచ్చమ్మత్త రానిస్తుందా?"

నవ్వుదామని చూశాను. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. ఎర్రకారం వల్లేనని చెప్పింది, నేనూ అదే నమ్మినట్టు తల ఊపాను. తర్వాత ఆవిడ ఎడమ చెయ్యి చాపింది. దోశ ముక్క పెడుతుందేమోనని ఆశపడ్డాను. తాళం అడుగుతోంది.

"ఇయ్యాల నుంచి నాకు నేర్పించు."

"ఈ మంచులోనా? ఈ బురదలోనా?"

"నువ్వు నేర్చుకోలా ఫ్యాన్లు వేసేది, సంసారం కోసం?"

అదీ సంగతి. ఇప్పుడు రోజూ తెల్లవారుజామున కారు రోజా నడుపుతోంది. పక్కన స్వర్ణ, వెనక పిచ్చమ్మ, ఆమె దుప్పటి, ఆమె చేతిసంచి. ముగ్గులు తొక్కకుండా, కాలవలో పడకుండా దారి చూపాలి కాబట్టి టార్చి పట్టుకుని కారు ముందు నేను నడుస్తాను. వీధిలోనే కాదు, హైవే దాకా. డాక్టరు రోజూ నడవమన్నాడని రోజా గుర్తు చేసింది. ఎడమేదో కుడేదో వెనక నుంచి ముగ్గురూ చెబుతారు. కాస్త ఆగితే హారను. అక్కడ వాళ్ళు దోశలు తింటారు, నేను ఫ్లాస్కు తెరుస్తాను. నా చక్కెర దిగిందట. డాక్టరు రోజాను మెచ్చుకున్నాడు.

మొన్న ఒకరోజు పొగమంచు అసలు లేదు. ట్రాక్టర్లు కూడా తిరగలేదు, రోడ్డు అద్దంలా ఉంది. ఇంక టార్చితో పనేముంది, నేనూ కారెక్కుతానని వెనక తలుపు తీశాను.

పిచ్చమ్మ తన దుప్పటిని సీటు మీద ఇంకొంచెం పరిచి కూర్చుంది.

"చోటు లేదు అబ్బయ్యా."