మూడు చేతులు మారిన పెట్టె

ఇల్లు మారే రోజు పొద్దున్నే నెట్‌వర్క్ మాస్టారు కాఫీ సంగతి కూడా మరచి మార్కర్ పెన్ను పట్టుకుని కూర్చున్నారు. కాలేజీలో ఇంటర్నెట్ పాఠాలు చెప్పి చెప్పి, అట్టపెట్టె కనబడితే చాలు, ఆయనకు నెట్లో సమాచారం మోసే ప్యాకెట్‌లాగే కనబడుతుంది. ప్యాకెట్ అన్నాక పైన హెడర్, అంటే చిరునామా చీటీ, ఉండాలి. అందుకని ప్రతి పెట్టె నెత్తినా ఎక్కడి నుంచి, ఎక్కడికి, వరసలో ఎన్నోది అని రాసి, పక్కన సున్నా చుట్టి అందులో ఒక అంకె వేశారు.

"ఈ అంకె ఏమిటండీ?" అంది భార్య.

"ఆయుష్షు. పెట్టె చేయి మారినప్పుడల్లా ఒకటి తగ్గిస్తారు. ఏమీ మిగల్లేదంటే దారి తప్పి తిరుగుతోందన్నమాట. అప్పుడు దాన్ని పారేసి, పంపినవాళ్ల అడ్రసుకి కబురు చెప్తారు. ఇంటర్నెట్టంతా ఇలాగే నడుస్తుంది, తెలుసా?"

"పారేస్తారా?"

"దారి తప్పితేనే. మన పెట్టె ఎందుకు తప్పుతుంది?"

సామాన్లు మోసే కూలీల మేస్త్రీ ఇదంతా శ్రద్ధగా విన్నాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడని అతనికి పేరు.

ఆఖరున భార్య ఒక చిన్న బల్ల గడియారం తెచ్చిచ్చింది. "అమ్మ గుర్తుగా నాకు మిగిలింది ఇదొక్కటే. జాగ్రత్త."

"నాదీ పూచీ" అని మాస్టారు దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టారు. విలువైన వస్తువు ఎక్కువ చేతులు మారకూడదని, మిగతా వాటి మీద పెద్ద అంకెలు వేసినా దీని మీద మాత్రం మూడే వేశారు. లారీ, లిఫ్టు, గది, అంతే కదా అనుకుంటూ స్నానానికి వెళ్లారు.

కొత్త ఇంటి దగ్గర లిఫ్టు చెడిపోయి ఉంది. మేస్త్రీ తన మనుషుల్ని మెట్ల పొడుగునా నిలబెట్టాడు. ఒకరి చేతిలోంచి ఒకరికి అందుకుంటూ, అంకె కొట్టేసి కొత్తది వేసుకుంటూ పెట్టెలు పైకి పంపసాగారు. పై అంతస్తులో గుమ్మం దగ్గర నిలబడి మాస్టారు మురిసిపోయారు. గడియారం పెట్టె మాత్రం రాలేదు.

"మూడు వేసిన పెట్టె ఏదయ్యా?"

"మొదటి మలుపులోనే సున్నా అయిపోయింది సార్. చెత్తబండి వస్తే అందులో వేసేశాం" అన్నాడు మేస్త్రీ.

 "ఆపండి" అని మాస్టారు కేకేసి మెట్లు దిగబోయారు. ఆపమన్నారు కదా అని అందరూ చేతిలో ఉన్నది ఉన్నచోటే దించేశారు. మెట్ల మలుపులో పరుపు అడ్డంగా ఇరుక్కుంది. తన ఇంటికి పోతున్న పొరుగాయన దాని కింద ఇరుక్కున్నాడు. ఆయనకు క్షమాపణ చెబుతూనే పరుపు మీదుగా పాకి, మాస్టారు చెప్పుల్లేకుండా బండి వెంట పడ్డారు. చెత్త యార్డులో దొరికింది నలిగిన అట్టముక్క ఒక్కటే. దాని మీద మూడు, రెండు, ఒకటి చక్కగా కొట్టేసి ఉన్నాయి.

తిరుగుదారి పట్టారు. భార్యకు మొహం ఎలా చూపించాలో తెలియక నిజంగానే ఏడుపొచ్చింది. తన తెలివితేటలకు తనే చీవాట్లు పెట్టుకున్నారు.

"నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. మీ అమ్మ గడియారం పోగొట్టాను" అన్నారు, అట్టముక్క ఆవిడ చేతిలో పెట్టి.

ఆవిడ తాపీగా చేతిసంచీ తెరిచింది. లోపల గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"పారేస్తారని మీ నోటితోనే చెప్పారు కదండీ. మీరు అటు స్నానానికి వెళ్లగానే తీసి ఇందులో పెట్టుకున్నా."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి అనుమానం కూడా వచ్చింది. "మరి ఆ పెట్టెలో ఏముంది?"

"ఖాళీగా పంపడమెందుకని మీ రౌటరూ, దాని వైర్లూ పెట్టాను. దారి తప్పదన్నారుగా."

అంతలోనే మేస్త్రీ చెమటలు కక్కుతూ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"పంపినవాళ్ల అడ్రసుకి కబురు చెప్పమన్నారు కదా సార్, మీ పాత ఇంటికి వెళ్లొచ్చాను. తాళం వేసుంది. తలుపుకి చెప్పొచ్చాను."