మూత కింద మాత్ర

"పిల్లికి మాత్ర మింగించడానికి పథకం కూడానా, అబాంగ్!" అంది సేమా.

"నువ్వు చూస్తూ ఉండు," అన్నాడు ఆమె అబాంగ్ అని పిలుచుకునే భర్త దెరామన్, నొప్పి మోకాలు పట్టుకుని లేస్తూ.

మలేసియాలోని కెలంతాన్‌లో ఆ చుట్టుపక్కల గాలిపటం కట్టడంలో అతణ్ణి మించినవాడు లేడు. వెదురుబద్దను వంచినవాడికి పిల్లిని వంచడం ఎంతసేపు?

పిల్లి పేరు బుడు. చిన్నప్పుడు బుడు అనే చేపల ఊట జాడీలో పడి, అందులో ఈది బతికి బయటపడింది మరి. ఇప్పుడు పక్కింటి గండుపిల్లితో కొట్లాడితే ముందరి పాదం బూరెలా వాచింది. మాత్రలు కడుపులో పడకపోతే పాదం దక్కదన్నాడు పశువుల డాక్టరు. ఆ మాట విన్న దగ్గర్నుంచి దెరామన్‌కి అన్నం సయించడం లేదు. అతని ఒళ్ళో తప్ప మరోచోట నిద్రపోని పిల్లి అది.

వేయించిన కానాగంత ముక్కలో మాత్ర దూర్చి, "రా తల్లీ," అని బతిమాలాడు. బుడు చేపంతా తిన్నది. ముల్లు నాకింది. పళ్ళెం నాకింది. మాత్ర మాత్రం కడిగిన ముత్యంలా నడిమధ్య మెరుస్తోంది.

"శుభ్రంగా స్నానం చేయించింది దానికి," అంది సేమా.

దెరామన్‌కి రోషం వచ్చింది. ఆ ఊపులో కట్టుకున్న లుంగీనే విప్పి పిల్లిని చుట్టేశాడు. మరుక్షణం లుంగీకి ప్రాణం వచ్చింది! మూడు కాళ్ళతో మెట్లు దిగి, బాతుల మధ్యలోంచి దూసుకుపోయింది. నిక్కరుతో మెట్ల మీద నిలబడ్డ దెరామన్ వేళ్ళ మధ్య మాత్ర అలాగే ఉంది.

"మాత్ర అక్కర్లేదు, లుంగీ చాలంటోంది," అంది సేమా.

అవమానం దిగమింగడానికి అతను వంటింట్లోకి జారుకున్నాడు. బియ్యపు కుండ వెనక సేమా తన తమ్ముడి కోసం దాచిన దోదోల్ ఉంది. కొబ్బరిపాలతో, బెల్లంతో చేసిన ఆ మిఠాయి ఎందుకో కాస్త చేదుగా తగిలింది. అయినా దొంగిలించి తింటూ వంక పెట్టడం ఏం మర్యాద?

సాయంత్రం సేమా రంగంలోకి దిగింది. చేపముక్కలో మాత్ర దాచి, అల్లికమూత బోర్లించి, ఒక అంచు కొంచెం ఎత్తి ఉంచింది. రోకలి పక్కన పెట్టుకుంది.

"ఇది నా చేప! ముట్టుకున్నావో, మిగతా మూడు కాళ్ళూ విరగ్గొడతా!" అని బుడు మీద అరిచి, అటు తిరిగి మిరపకాయల తొడిమలు తీయసాగింది.

మూత కదిలింది. చేపముక్క మాయమైంది. దొంగకి నమిలే తీరిక ఎక్కడిది? మాత్రతో సహా గుటుక్కున మింగింది బుడు.

మాత్రల అట్ట ఖాళీ అయ్యేదాకా బుడు రోజూ దొంగిలించింది, సేమా రోజూ తిట్టింది. పాదం వాపు తీసింది. బుడు నాలుగు కాళ్ళతో దర్జాగా నడిచొచ్చి దెరామన్ ఒళ్ళెక్కింది.

"ఇంత తెలివి నీకెలా వచ్చింది?" అన్నాడతను.

"అది సరే గానీ, మీ మోకాలు ఎలా ఉంది?"

"నొప్పే లేదు! మోకాలికని నువ్విచ్చిన వేరు కషాయం రోజూ మందార మొక్కకే పోశాను. చూశావా, ఏ మందూ లేకుండానే తగ్గిపోయింది!"

"మంచిదే. మా తమ్ముడికి దాచిన దోదోల్ రోజూ ఎవరు తింటున్నారు?"

"ఇంకెవరు? ఈ దొంగ పిల్లే!"

"అయితే దీనికి మోకాలి నొప్పి కూడా తగ్గి ఉంటుంది. ఆ వేరంతా దంచి కలిపింది అందులోనే."

దెరామన్ పిల్లి వంక చూశాడు. పిల్లి కళ్ళు మూసుకుంది. దాని వీపు నిమురుతూ, "ఇంకా... ఉందా అది?" అన్నాడు.

"ఉంది. కానీ అది మా తమ్ముడిది. ముట్టుకున్నారో, ఊరుకోను!" అని సేమా అటు తిరిగి మిరపకాయల చాట అందుకుంది.