మందకు చిరునామా

తెల్లారి చాయ్ తాగుతూనే గోపమ్మ మందను చూసి రావాలని తేల్చేసుకుంది. నడుము పడిపోయి మంచం పట్టాక ఎనిమిది నెలలుగా తన గొర్రెల మొహం చూడలేదు. కొడుకు కురుమయ్యకు తీసుకుపోయే తీరిక లేదు. ఈసారి సర్కారే దిగివచ్చింది. "నీ సాయం - నీ ఇష్టం" పథకం కింద, మంచాన పడ్డవాళ్లకిచ్చే సాయం పైసలు ఎట్లా వాడాలో వాళ్లే చెప్పాలట. గోపమ్మ ఇష్టం ఆమె పెళ్లప్పుడు కూడా ఎవరూ అడగలేదు.

ఆ ఇష్టం రాసుకుపోవడానికి మక్తల్ ఆఫీసు నుంచి ట్యాబు పట్టుకుని స్నేహలత మేడం వచ్చింది.

"అంతా నీ ఇష్టమే అవ్వా. ఏం గావాలె?"

"జీపు మాట్లాడు బిడ్డా. నా గొర్ల కాడ ఒక పూట కూసుంట."

మేడం మురిసిపోయింది. ట్యాబు మురవలేదు.

"పోయే జాగ చిరునామా అడుగుతాంది అవ్వా."

"గొర్లకు చిరునామా ఏంది? ఎరువు కోసం రైతులు పిలుస్తరు, మంద రోజుకో చెల్కల పంటది. ఇయ్యాల సాయిలు చెల్క."

మేడం అదే కొట్టింది. పద్దెనిమిది రోజులకు తనిఖీ అధికారి సాయిలు చెల్కకు వచ్చి, పెంటికలు తప్ప ఏమీ కనబడక, లేని మందను చూపి జీపు అడిగిందని రాసుకుపోయాడు. మేడం కంగారుగా చిరునామా మార్చింది. మంద మళ్లీ కదిలింది. మూడోసారి మార్చేసరికి, ఇన్ని మాటలు మార్చే ముసలామెకు సొంతంగా నిర్ణయించుకునే తెలివి ఉందా అని పైవాళ్లకు అనుమానమొచ్చింది. ఉందని రుజువు చేసుకోవడానికి జిల్లా ఆఫీసుకు రమ్మన్నారు. రానూపోనూ జీపు కిరాయి ఆమె సాయం పైసల్లోంచే పట్టుకున్నారు. దీనికి మాత్రం ఆమె ఇష్టం అడగలేదు.

"ఉన్నయన్నీ గీ జీపుకే అయిపోయినయి అవ్వా," అని మేడం తల వంచుకుంది. గోపమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇక ఈ జన్మకు మందను చూడననుకుంది.

విచారణ నాటి పొద్దున సద్ది కోసం వచ్చిన కొడుకును ఒక్క మాట అడిగింది.

"మంద ఏడ పెట్టినవ్ రా?"

"గుర్వయ్య చెల్కల. జిల్లా ఆఫీసుకు పోయే రోడ్డు పక్కకే."

గోపమ్మ కొత్త చీర కట్టించుకుని జీపెక్కింది. రెండు మైళ్లు పోగానే డ్రైవర్ ఖలీద్ భుజం తట్టింది.

"జర ఆపు బిడ్డా. నన్ను గా గొర్ల కాడ దించు."

"అవ్వా! పదకొండు గంటలకు విచారణ!"

"అడిగితే చెప్పు. ఏం చేయాల్నో గోపమ్మే తేల్చుకున్నదని."

ఖలీద్, కురుమయ్య ఆమెను ఎత్తి గొంగడి మీద కూర్చోబెట్టారు. పిల్లప్పుడు ఆమె డబ్బాపాలు పట్టి సాకిన కుంటి గొర్రె వాసన పట్టి, వచ్చి ఒళ్లో తల పెట్టింది. గోపమ్మ దాని మెడ పట్టుకుని, కొత్త చీరంతా పాడవుతున్నా పట్టించుకోకుండా, సాయంత్రం దాకా నవ్వుతూ ఏడుస్తూ కూర్చుంది.

విచారణకు రానందుకు ఆఫీసువాళ్లు ఆమె పేరు పథకంలోంచి కొట్టేసి, కారణం రాసే గడిలో "లబ్ధిదారు సొంత నిర్ణయం" అని నింపారు.